నిండు కొలత

పోయిన వారం మనం చోళపురంలో, ఊరి సంఘం కూర్చునే చాప దగ్గర ఆగాం. రాఘవన్ భుజం మీది తువ్వాలు తీసి, మడిచి, ఆ చాప మీద పెట్టి, బయటికి నడిచాడు. తువ్వాలే కదా అనుకునేవాళ్ళకు ఆ ఊరి సంగతి తెలియదు. అక్కడ మగవాడు నలుగురిలో తువ్వాలు దించాడంటే, ఇక ఈ ఊళ్ళో తన మాటకు విలువ లేదని తానే ఒప్పుకున్నట్టు.

ఊరి ఆడవాళ్ళు ఆసుపత్రులకు కట్టుగుడ్డ కత్తిరించి మడతపెట్టే షెడ్డుకు స్థలం ఇచ్చింది రాఘవనే. పునాది రోజున "ఈ నేలకు నేను పూచీ" అన్నదీ ఆయనే. వానలకు ఆ షెడ్డు గోడ పగిలింది. మట్టిని రాజపాళయం లాబ్‌కు పంపారు. ఈ మట్టికి బలం లేదు, షెడ్డును మోయలేదు అని రిపోర్టు వచ్చింది. కింద సంతకం ఆర్. జీవిత. రాఘవన్ తోడబుట్టిన చెల్లెలి కూతురు. గురువారం షెడ్డు కూల్చాలని, శుక్రవారం ఊరి దేవత జక్కమ్మ పొంగలిలో మొదటి మర్యాద రాఘవన్ ఇంటికి ఇవ్వకూడదని సంఘం తీర్మానించింది.

మట్టి చెప్పింది మట్టి చెప్పినట్టు రాసింది, పిల్ల తప్పేముంది అని మనలో చాలామంది జీవిత పక్షాన ఉన్నాం. జీవిత కూడా తన పక్షానే ఉంది. మేనమామ అని చూడకుండా రాసినందుకు లోలోపల కాస్త గర్వం కూడా ఉంది. ఆ గర్వం బుధవారం సాయంత్రం దాకా నిలిచింది.

ఆ సాయంత్రం లాబ్‌లో అలమర సర్దుతుంటే చోళపురం మట్టి ముక్కలు కంటబడ్డాయి. నేలలోంచి గొట్టంతో తీసిన బంకమట్టిని నూలు కండె అంత ముక్కలుగా కోసి, మిషన్‌లో నిలబెట్టి, పైనుంచి నొక్కుతారు. ఎంత బరువుకు ఓడిపోతుందో అదే దాని బలం. కదలకుండా తెచ్చిన మంచి మట్టి అయితే ఒకచోట ఏటవాలుగా పగుళ్ళిచ్చి తెగుతుంది. ఈ ముక్కల్లో ఒక్కటీ తెగలేదు. అన్నీ పొట్ట ముందుకు వేసుకుని, విందు తిని కూర్చున్న పెద్దమనిషిలా ఉబ్బి ఉన్నాయి. అలా ఉబ్బిన మట్టి దారిలో ఎక్కడో కదిలిపోయిన మట్టి. అది జీవితకు కాలేజీలోనే చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది.

నిజం చెప్పాలంటే ఆ ఉబ్బు ఆమె పరీక్ష చేసిన రోజే చూసింది. చూసి, ఇంకో గొట్టం తెప్పిద్దామా అనుకుంది కూడా. మళ్ళీ తెప్పిస్తే మామ కోసం సాగదీస్తోందని లాబ్‌లో అంటారేమోనని ఊరుకుంది. దానికి ముందురోజు జరిగింది ఇంకా కళ్ళముందే ఉంది. రాఘవన్ మట్టి చేతులతో, పంచె ఎగగట్టుకుని, గొట్టాన్ని తువ్వాల్లో చుట్టి భుజాన పెట్టుకుని లాబ్ గుమ్మంలో నిలబడ్డాడు. "ఒకటి చెప్పాలమ్మా" అన్నాడు. లోపల నలుగురు తలలెత్తి చూశారు. జీవితకు తల కొట్టేసినట్టయింది. "టైమ్ లేదు మామా, అక్కడ పెట్టి పోండి" అంది. ఆయన పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ చెప్పాలనుకున్నది ఏమిటో ఆమె ఆ నాటికీ అడగలేదు. గురువారం పొద్దున్నే చోళపురం బస్సెక్కింది.

*

రాఘవన్ భార్య కనకం వాకిట్లో గిన్నెలు తోముతోంది. ఆడపడుచు కూతురిని చూసి లేచి, చేతులు కడుక్కుని, లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది.

"వాంగ. ఉక్కారుంగ," అంది.

రండి, కూర్చోండి అని అరవంలో. ఆ ఇంట్లో అరవం కరెంటు బిల్లువాడితో, కోడిగుడ్ల బండివాడితో, పరాయివాళ్ళతో మాట్లాడే మాట. లోపలివాళ్ళతో ఎప్పుడూ తెలుగే. జీవిత ఈ ఇంటి గడప మీద కూర్చుని అత్త చేత జడ వేయించుకున్న పిల్ల. ఆమెకు ఈ ఇంట్లో ఎవరూ కుర్చీ వేసి ఎరగరు. కూర్చుంటే ఒక బాధ, కూర్చోకపోతే ఒక బాధ. కుర్చీ అంచున కూర్చుంది.

"అత్తా, మామ ఉన్నారా?"

"పిన్నాడి ఇరుక్కార్," అని పెరటివైపు చూపించి కనకం మళ్ళీ గిన్నెల ముందు కూర్చుంది.

రాఘవన్ పెరట్లో ఆవుకు జొన్నచొప్ప నరుకుతున్నాడు. భుజం మీద తువ్వాలు లేదు. ఏళ్ళ తరబడి తువ్వాలు కప్పిన చోటు మిగతా ఒంటికన్నా తెల్లగా ఉంది. జీవిత అక్కడికి చూపు పోనివ్వకుండా నేలను చూసింది.

"ఎప్పుడు వస్తివి పాపా? తిన్నావా?" అన్నాడు ఆయన. ఏమీ జరగనట్టే అన్నాడు. తిట్టి ఉంటే ఆమెకు సుఖంగా ఉండేది.

"తింటిని మామా. ఆ దినం లాబ్‌కు వచ్చినప్పుడు ఒకటి చెప్పాలంటిరి. ఏమది?"

రాఘవన్ కత్తి పక్కన పెట్టాడు. "అదా. పెద్ద సంగతి కాదులే. నీకు టైమ్ లేదంటివి, సరి అని వచ్చేస్తిని."

"ఇప్పుడు చెప్పండి."

"బోరు వేసినోళ్ళు గొట్టం నా కాడ పెట్టి, బండి వస్తాది, పంపండి అని పోయినారు. బండి రాలే. ఆలస్యమైతే రాఘవన్ మట్టిని దాచినాడంటారని నేనే బస్సులో తెస్తిని. ఒకటే కూట్టం, నిలబడేదానికి చోటు లేదు, వెనక సీటు కింద పడుకోబెట్టినాను. దిగినాక చూస్తే పైన మైనం పగిలి ఉండాది. లోపల మట్టి దిగి, గొట్టం తలకాడ వెలితిగా ఉండాది. నా నేల మట్టి నేనే తక్కువ కొలత తెచ్చినానంటే ఏం మరియాద? దానితో తట్టినాను."

"తట్టినారా?"

"పడి తట్టినట్టు."

జీవితకు అర్థం కాలేదనుకుని ఆయన లోపలికి వెళ్ళి బియ్యం కొలిచే ఇత్తడి పడి తెచ్చాడు. నిండా బియ్యం పోసి, పడిని గడప రాయి మీద దడదడ తట్టాడు. బియ్యం కిందికి దిగింది. పైన ఇంకో పిడికెడు పోసి, బొటనవేలితో అదిమి, ఆమె ముందు పెట్టాడు.

"ఇట్లా బస్టాండు మెట్టు మీద తట్టినాను. దిగిన చోట బోరు వేసిన గుంటలోని మట్టే పెట్టి, అదిమి, కొవ్వొత్తి కరిగించి మూసినాను. వేరే చోటి మట్టి కాదు, కావాల్సి వస్తాదేమోనని సంచిలో తెచ్చుకుంటిని. అది నీకు చెప్పేద్దామని అంటిని."

తట్టకుండా కొలిచి ఇచ్చేవాడు దొంగ. ఆ ఇంట్లో అది పిల్లలకు మాటలతో పాటు నేర్పే సంగతి. ఇచ్చే చెయ్యి తట్టాలి, పుచ్చుకునే చెయ్యి తట్టకూడదు. జీవిత చిన్నప్పుడు ఈ పడినే ఈ గడప మీదే తట్టింది. లోకంలో ఇంకెవరి చేతికి ఆ గొట్టం ఇచ్చినా పడేసి పోయేవాళ్ళు, లేదా వెలితిగానే తెచ్చేవాళ్ళు. నిజాయితీ కొద్దీ మట్టి ప్రాణం తీసేవాడు ఈ ఇంటివాడే అయి ఉండాలి.

"మామా, తోడేసిన పెరుగు కుండను పట్టుకుని ఊపితే ఏమవుతాది?"

"విరిగిపోతాది."

"పాలు అవే. నీళ్ళు ఎక్కడికీ పోలే. గట్టిదనం మాత్రం ఉండదు కదా. బంకమట్టి కూడా అంతే. ఎన్నో ఏళ్ళు ఒక పద్ధతిలో పేరుకుని ఉంటాది. అదిరితే, తడితే ఆ పద్ధతి చెదిరిపోతాది. చూసేదానికి అదే మట్టి, బరువు అదే, తడి అదే. నొక్కితే నిలవదు."

రాఘవన్ పడిలోని బియ్యం వైపు చూశాడు.

"అయితే నా మట్టిని చెడగొట్టింది నేనా?"

అవునని తల ఆడిస్తే చాలు. అబద్ధం కూడా కాదు. ఇక్కడ ఆ పిల్ల తల ఆడించి ఉంటే నేను ఈ కథ ఇంతటితో మానేసి వేరేది మొదలుపెట్టేవాణ్ణి.

"మీరు కాదు మామా," అంది జీవిత. "మీకు ఎవరూ చెప్పలే. నాకు చెప్పినారు. ముక్కలు ఉబ్బినాయి, నేను చూస్తిని. ఈ మట్టి దారిలో కదిలింది, దీన్ని నమ్మకూడదని తెలుసును. మళ్ళీ తీయించాలంటే మా మామ కోసం చేస్తాండానని అంటారు. ఆ మాట పడలేక సంతకం పెడితిని. మీరు చెప్పేదానికి వచ్చినప్పుడు కూడా, లాబ్‌లో నలుగురూ చూస్తుండారని సిగ్గుపడి మిమ్మల్ని పంపేస్తిని. నా మామ అని చెప్పుకునేదానికి సిగ్గుపడితిని."

నేల చీలితే బాగుండునని జీవిత అనుకుంది. చీలదు, అదీ ముందు రిపోర్టు అడుగుతుంది.

రాఘవన్ ముఖంలో కోపం రాలేదు. ఇంకేదో వచ్చింది. ఆశలాంటిది. అది చూడటం ఇంకా కష్టమైంది.

"పోనీలే పాపా. అయితే నా నేల గట్టిదే కదా?"

"తెలియదు మామా."

"తెలియదా?"

"ఆ మట్టి చెడింది. చెడిన మట్టిని పెట్టి నేల మంచిదనీ చెప్పలేం, చెడ్డదనీ చెప్పలేం."

వెనక గిన్నెల చప్పుడు ఆగింది. కనకం ఎప్పుడు వచ్చిందో పెరటి గుమ్మంలో నిలబడి ఉంది.

"తెలియకనే రాసినావా?" అంది.

ఆ పొద్దు అత్త నోట జీవిత విన్న మొదటి తెలుగు మాట అది. దానికన్నా అరవమే నయమనిపించింది.

*

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కింది కాబట్టి కడుక్కోక తప్పదు. "తెలుసుకునేదానికి ఏం చెయ్యాల?" అని రాఘవన్ అడిగాడు. గొట్టం దిగ్గొట్టకుండా, చేత్తో కోసి, పెట్టెడంత మట్టిని ఉన్నదున్నట్టు తీయాలని జీవిత చెప్పింది. ఆయన గడ్డపార, పార తీసుకుని ముందు నడిచాడు.

పగిలిన గోడ పక్కన సంఘంవాళ్ళు తవ్వించి చూసిన గుంట ఉంది. రాఘవన్ అందులోకి దిగి పాత అంచును పక్కకు లాగి, కొత్త మట్టి తగిలేదాకా తవ్వాడు. అక్కడినుంచి గడ్డపార వద్దని జీవిత ఆపింది. నాలుగు పక్కలా మెల్లగా చెక్కుతూ నడిమధ్య ఒక దిమ్మెను నిలబెట్టారు. సన్నటి తీగతో ఆమె ఆ దిమ్మె పక్కలు కోసింది. తీగ జున్నులో దిగినట్టు దిగింది.

షెడ్డు లోపల సామాను మూటగట్టుకుంటున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూశారు. సంఘం పెద్ద మహేంద్రన్ కూతురు చిత్ర కూడా అక్కడే పనిచేస్తుంది. మట్టి ఆరిపోకుండా చుట్టడానికి పలుచటి గుడ్డ కావాలని జీవిత అంటే, చిత్ర ఒక చుట్ట కట్టుగుడ్డ తెచ్చి ఇచ్చింది. కనకం ఇంటినుంచి మైనం కరిగించి తెచ్చింది. జీవితతో మాట్లాడలేదు. గుడ్డ చుట్టిన చోటల్లా మైనం పూసింది, దెబ్బ తగిలిన పిల్లకు మందు రాసినట్టు.

దిమ్మె అడుగు కోయడం ఒక్కటే మిగిలి ఉండగా జేసీబీ వచ్చింది. దాని ముందు బైకు మీద మహేంద్రన్, వెనక సంఘంవాళ్ళు. కూల్చబోయే గోడ కింద గుంటలో మామా మేనకోడలూ, చేతిలో మట్టి. చూసినవాడు ఏమనుకోవాలో, ఏదో మాయ చేస్తున్నారని, అదే అనుకున్నాడు.

"బండి దూరంగా ఆపమనండి, నేల అదురుతాది," అంది జీవిత. మహేంద్రన్ చెయ్యి ఎత్తాడు, ఇంజన్ ఆగింది.

"ఏం జరుగుతాండాది రాఘవన్నా?" అన్నాడు.

జీవిత నోరు తెరిచేలోగా రాఘవన్ గుంటలోంచి పైకి వచ్చి నిలబడ్డాడు.

"ఆ గొట్టంలో మట్టిని చెడగొట్టింది నేను," అన్నాడు. "దారిలో తెరిచి, తట్టి, పైన మట్టి పెట్టి మూసినాను. పాపకు తెలియదు. దాని సంతకానికి దోషం లేదు."

గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే అదే. "గొట్టంలో చెయ్యి పెట్టినాడంట," అని వెనక ఎవరో అన్నారు. "అదా సంగతి," అని ఇంకొకరు. నిన్నటిదాకా ఆయన తెలియక చెడ్డ నేల ఇచ్చినవాడు. ఇప్పుడు మోసగాడు. ఆయన మేనకోడలి వైపు చూసి, మాట్లాడవద్దని కనిపించీ కనిపించకుండా తల అడ్డంగా ఊపాడు.

నింద దానంతటదే ఆమె మీదనుంచి దిగి పోయింది. ఊరుకుంటే చాలు. ఇంతకు ముందు కూడా ఊరుకోవడమే కదా ఆమె చేసింది.

"నాకు తెలుసును," అంది జీవిత. అందరికీ వినపడలేదు. గుంటలోంచి పైకెక్కి మళ్ళీ అంది. "మట్టి చెడి వచ్చిందని నాకు తెలుసును. ఎందుకు చెడిందో తెలియదు, అడగలే. చెడిందని తెలిసే సంతకం పెడితిని. మామ తట్టింది మోసానికి కాదు, నిండు కొలత ఇచ్చేదానికి. మీరందరూ పడి తట్టే ఇస్తారు కదా."

తట్టి ఇవ్వనివాడు వాళ్ళలో లేడు.

మహేంద్రన్ ఆమెను చూసిన చూపులో తిట్టు లేదు. "నా బిడ్డ ఆ గోడ కింద కూర్చుంటుందమ్మా," అన్నాడు. "అందుకే కూల్చాలంటిని. నీ కాగితాన్ని నమ్మి పెద్ద మనిషి చేత తువ్వాలు దించించినాను. ఇప్పుడు చెప్పు. గోడ నిలుస్తాదా?"

"తెలియదు పెద్దనాయనా."

ఆ మాట ఆ రోజు రెండోసారి అనడం మొదటిసారికన్నా కష్టంగా ఉంది. ఆమె తల వాలిపోయింది. మహేంద్రన్ కాసేపు గోడను చూశాడు. తర్వాత తాళం తెప్పించి షెడ్డుకు వేయించాడు. తెలిసేదాకా ఎవరూ లోపలికి పోకూడదు, బండి కూడా గోడ మీదికి పోకూడదు అన్నాడు. రాఘవన్ ముందునుంచి వెళ్ళాల్సి వచ్చినప్పుడు ఆయన ముఖం చూడలేక బైకు అద్దం సరిచేసుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక ఆడవాళ్ళకు మాటలొచ్చాయి. నేల మంచిదే అయి ఉంటుందని ఒకామె, నాకు ముందే తెలుసునని ఇంకొకామె. శుక్రవారం మొదటి మర్యాద ఇక ఎవరికో చూద్దాం అని చిత్ర నవ్వింది. రాఘవన్ షేర్ ఆటో మాట్లాడాడు. కనకం వెనక సీటు మీద దుప్పటి మడిచి పరిచి, దిమ్మెను ఒడిలో పెట్టుకుంటానని తానే కూర్చుంది.

"తట్టకుండా తేవాలంతే కదా పాపా?" అంది.

పాపా అంది. జీవితకు కళ్ళు నిండాయి. గబగబా గుంటలోకి దిగి, దిమ్మె అడుగున తీగ లాగి, మామ సాయంతో దాన్ని మెల్లగా పక్కకు ఒరిగించింది. అడుగు ముఖానికి కూడా గుడ్డ చుట్టి మైనం పూస్తే పని అయిపోతుంది.

అడుగు ముఖం మీద వాలుగా ఒక గీత ఉంది. ఆ గీత దగ్గర మట్టి గరుకుగా లేదు. చేత్తో రుద్దినట్టు నున్నగా, గాజులా మెరుస్తోంది. అలాంటి మెరుపు తీగ కోతకు రాదు. బండి అదురుకు రాదు. ఎప్పుడో భూమిలోపల నేల తన మీద తాను జారిన చోట వస్తుంది. అలాంటి నేలను మంచి నేల అనరు.

రాఘవన్ దిమ్మె అవతలి పక్క పట్టుకుని ఉన్నాడు. ఆయనకు అడుగు కనిపించడం లేదు. ఇన్ని రోజులకు ఆయన ముఖంలో నవ్వు కనిపించింది. జీవిత మైనం గిన్నె చేతిలోకి తీసుకుంది. ఒక్కసారి పూస్తే గీత కప్పబడిపోతుంది, లాబ్‌లో విప్పేదాకా ఎవరికీ తెలియదు.

ఆమె గిన్నె కింద పెట్టింది.

"మామా, ఒకటి చెప్పాలి."

ఆటోవాడు హారన్ కొట్టాడు. రాఘవన్ అటు చూడలేదు. బరువు మోకాలి మీదికి దించుకుని ఆమె వైపు తిరిగాడు.

"చెప్పమ్మా," అన్నాడు. "టైమ్ ఉండాది."